ఉరుకుందమ్మ అడగమన్న మాట

ఎమ్మిగనూరు లాడ్జీల మీద నాకు పెద్ద ఫిర్యాదులేమీ లేవు, దిండ్ల విషయంలో తప్ప. మొన్న కంపెనీ పనిమీద పోయి, మధ్యాహ్నం నడుం వాల్చితే దిండులోంచి పత్తిగింజ పెంకు ఒకటి చెంపకు గుచ్చుకుంది. సరిగా ఏరని పత్తి, పైగా చెమ్మ వాసన. ఉరుకుందమ్మ అయితే లాడ్జీ యజమానిని పిలిపించి ఉండేది.

ఆదోనిలో పత్తి నుంచి గింజ తీసే జిన్నింగు మిల్లుకు నేను మేనేజరుగా చేరేనాటికి, పత్తి తెల్లగా ఉంటుందని మాత్రం నాకు తెలుసు. చెత్త ఏరే పద్దెనిమిది మంది ఆడవాళ్లకు ఉరుకుందమ్మ పెద్ద. తుగ్గలి దగ్గరి పల్లె ఆమెది. మొదటి వారమే నా చెయ్యి పట్టుకొని పత్తి మూటలోకి మోచేతిదాకా దూర్చింది.

"పైన సూస్తే ఏం తెలుస్తాది సారూ? పెండ్లికొడుకు మాదిరి తయారు జేసి తెచ్చింటారు. లోపల ఎట్లుండాది?"

"చల్లగా ఉంది."

"అంటే తూకం పెరగాలని నీళ్లు సల్లినారు. బీకాంలో మీ అయ్యవార్లు ఇది సెప్పలేదా?"

చెప్పలేదు. చిటికెడు దూదిని బొటనవేళ్ల మధ్య లాగి పోగు పొడవు చూడడమూ ఆమే నేర్పింది. ఈరోజుకీ నాకు జీతం వచ్చేది ఆ విద్యకే. పట్టా బీరువాలో క్షేమంగా ఉంది.

కొన్నేళ్లకు మా సావుకారు మిల్లును ఇదే వ్యాపారంలో ఉన్న పెద్ద కంపెనీకి అమ్మదలిచాడు. కొనేవాళ్లు వచ్చిన రోజు ఉరుకుందమ్మ నన్ను గేటు దగ్గర ఆపింది.

"మమ్మల్ని పెట్టుకుంటారో తీసేస్తారో ఒక మాట అడుగప్పా. లోపలికి పోతాండావు గదా."

"అడుగుతాను," అన్నాను.

లోపల అంతా మర్యాదగా జరిగింది. జీడిపప్పు కూడా పెట్టారు. యంత్రాలు, వేబ్రిడ్జి, చివరికి షెడ్డు వెనక వేపచెట్లు కూడా జాబితాకెక్కాయి. నన్ను కొనసాగిస్తారా అని అడిగాను, సరేనన్నారు. ఇంకో ప్రశ్నకు సందర్భం కుదరలేదు. సందర్భం అన్నచోట ధైర్యం అని చదువుకున్నా నాకు అభ్యంతరం లేదు.

నెల తిరక్కముందే చెత్త తీసే యంత్రం వచ్చింది. ఆడవాళ్లను రేపటినుంచి రావద్దని చెప్పే పని నాకే అప్పగించారు.

"వాళ్లు ఒప్పుకోలేదా?" అంది ఉరుకుందమ్మ.

ఒక అబద్ధం సిద్ధం చేసుకునే వచ్చాను గానీ, ఆమె ముందు అది నోరు దాటలేదు. "నేను అడగలేదు," అన్నాను.

ఇప్పటికీ ఏ మీటింగులోనైనా నా సంగతి తేల్చుకొని లేవబోతే, అప్పుడామె అన్నది అడ్డం పడుతుంది. తలకు చుట్టుకున్న గుడ్డ విప్పి, దూది దులుపుకొని, నెమ్మదిగానే అన్నది:

"నీ నౌకరీ అడిగినావు గదా సారూ. ఆ నోటితోనే మాదీ అడిగింటే ఏం పోయిండేది?"