యూరిన్ బ్యాగ్‌తో సంధ్యావందనం

ఆ రోజు పొద్దున చిక్కడపల్లి మార్కెట్ నుంచి కూరలు తెచ్చి బాత్రూమ్‌కు వెళ్లాను. ఎంతసేపున్నా మూత్రం రాలేదు. మధ్యాహ్నానికి పొత్తికడుపు రాయిలా బిగిసిపోయింది. నా భార్య సుభద్ర ఆటోలో నారాయణగూడలోని ఒక ఆసుపత్రికి తీసుకెళ్లింది.

స్కాన్ చూసిన డాక్టర్ గారు, "ప్రోస్టేట్ బాగా పెరిగింది. ముందు క్యాథెటర్ వేద్దాం" అన్నారు.

గొట్టం వేయగానే ప్రాణం లేచొచ్చింది. కానీ మంచానికి వేలాడుతున్న బ్యాగ్‌ను చూశాక వేరే బాధ మొదలైంది. ఉపనయనం అయినప్పటి నుంచి సంధ్య వార్చనిదే నేను అన్నం ముట్టలేదు. ఒంటికి మూత్రం సంచీ తగిలించుకుని గాయత్రి ఎలా జపించను? ఆ మాట ఎవరికీ చెప్పలేక ఆకలి లేదన్నాను. సుభద్ర తెచ్చిన క్యారియర్ అలాగే వెనక్కి వెళ్లింది.

మర్నాడు గొట్టం తీసి చూశారు. మూత్రం మళ్లీ ఆగిపోయింది. గొట్టం మళ్లీ వేసి, ఆపరేషన్ తప్పదన్నారు. నాకు ఏడుపొచ్చింది.

పక్క మంచం మీద కరీం గారని అడిక్‌మెట్ టైలర్ ఉండేవారు. ఆయనకూ క్యాథెటరే. అయినా మంచం మీదే కూర్చుని, తల వంచి నమాజ్ చేసుకునేవారు. ఉండబట్టలేక అడిగాను.

"ఈ సంచీతో చేయొచ్చా అండీ?"

"నేను గూడ పరేషాన్ అయిన సార్. మా మౌలానాను అడిగిన. బీమారీ నీ చేతుల లేదు గద, ఎట్ల వీలైతే గట్ల చెయ్యమన్నడు." తర్వాత నా వైపు తిరిగారు. "అందుకేనా మీరు తింటలేరు?"

సుభద్ర అక్కడే ఉంది. "నాతో ఒక్క ముక్క అనొచ్చు కదండీ" అంటూనే అశోక్‌నగర్‌లో ఉండే మా పురోహితుడికి ఫోన్ కలిపి నా చేతికిచ్చింది.

"ఒంట్లో బాగాలేనప్పుడు దోషమేమిటండీ? పడుకునే మనసులో జపం చేసుకోండి" అన్నారాయన.

రౌండ్స్‌కు వచ్చిన డాక్టర్ గారిని కూడా అడిగాను. "హాయిగా చేసుకోండి. బ్యాగ్ నడుం కంటే కిందే ఉండాలి, గొట్టం మడత పడకూడదు. అంతే."

నర్సు కర్టెన్ లాగింది. జపం చేసుకుని, ఇడ్లీ తిన్నాను.

ఆపరేషన్ అయ్యాక బ్యాగ్‌లోకి ఎర్రగా వస్తుంటే భయపడ్డాను. మెల్లగా తేట పడింది. గొట్టం తీసేసిన రోజు బాత్రూమ్ బయట నిలబడి సుభద్ర, "వచ్చిందా?" అని అడిగింది. మంట పుట్టింది కానీ, మూత్రం వచ్చింది. వచ్చిందన్నాను. బయటికి వచ్చేసరికి ఆమె కుర్చీలో కూర్చుని కళ్లు తుడుచుకుంటోంది.

ఇప్పుడు బాగున్నాను. మార్కెట్‌కు నడిచే వెళ్తున్నాను. మీలో ఎవరికైనా క్యాథెటర్ వేస్తే, పూజైనా నమాజైనా ప్రార్థనైనా ఆగిపోతుందన్న దిగులు ఉంటే ఆ రోజే నర్సుకు, ఇంట్లోవాళ్లకు చెప్పండి. కర్టెన్ వేయమని అడగండి. లోపల దాచుకుని అన్నం మాత్రం మానకండి.