సాయంత్రానికి దిగని బంగారం

2024 మే నెల. రాజాంలో ఎండ మాడ్చేస్తోంది. సముద్రంలో వేట నిషేధం నడుస్తోంది. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఆ రెండు నెలలూ బోట్లను ఒడ్డునే కట్టేస్తారు. మా బంగారు కొట్టు సంతకు వెళ్లే దారి మలుపులో ఉంది. మామగారు పెట్టిన చిన్న కొట్టు అది. మా ఆయన వెనక గదిలో పనివాళ్లతో ఉంటారు. గల్లా, త్రాసు, జనంతో మాటలు నావి. నాకు నోరు కాస్త ఎక్కువ, కోపం ఇంకాస్త ఎక్కువ. ఇన్నేళ్లు కొట్టు నడిచిందంటే అదంతా మా ఆయన ఓపిక వల్లేనని మా అత్తగారు అందరితో చెబుతుంటారు.

దానమ్మది కళింగపట్నం. అరవై దాటిన మనిషి. సంత రోజున ఎండుచేపల బుట్టతో బస్సు దిగి, మా అరుగు మీద కాసేపు కూచుని, మంచినీళ్లు తాగి వెళుతుంది. ఆ రోజు మాత్రం బుట్ట బయట పెట్టి లోపలికొచ్చింది. కొంగు ముడి విప్పి డబ్బు మూట గాజుబల్ల మీద పెట్టింది.

"ఇది నాది కాదు తల్లీ, అమ్మోరిది" అంది.

అంతకుముందు వచ్చిన తుఫానులో వాళ్ల ఊరి బోట్లన్నీ మనుషులతో సహా క్షేమంగా తిరిగొచ్చాయట. అందుకని అమ్మవారికి రెండు తులాల హారం చేయిస్తామని ఊరంతా మొక్కుకున్నారు. ప్రతి బోటూ వేటలో కొంత తీసి పక్కన పెట్టింది. నిషేధం తీరి బోట్లు మళ్లీ నీళ్లలోకి దిగే రోజున హారం వేయాలి. రాజాంలో మా కొట్టు దానమ్మకు తెలుసు గనుక డబ్బు ఆమె చేతికిచ్చారు. ఆడమనిషిని నమ్మి ఊరి సొమ్ము అప్పగించడం అదే మొదటిసారని చెబుతుంటే ఆమె ముఖం వెలిగిపోయింది.

లెక్క వేశాను. ఆ పూట రేటుకు మజూరీతో సహా సరిగ్గా సరిపోయింది.

ఇక్కడ మా వ్యాపారం గురించి రెండు మాటలు చెప్పాలి. రాజాంలో బంగారం రేటు మేం పెట్టేది కాదు. ప్రపంచ మార్కెట్‌లో బంగారం ధర డాలర్లలో నడుస్తుంది. దాన్ని రూపాయల్లోకి మార్చి, పన్నులు కలిపి, మా వర్తకుల సంఘం పొద్దున్నే ఫోన్‌కు పంపిస్తుంది. పెద్ద కదలిక వస్తే సాయంత్రం మళ్లీ పంపిస్తుంది. అన్నిటికన్నా ఎక్కువగా ఆ ధరను కదిపేవి అమెరికా లెక్కలు. అక్కడ ఉద్యోగాలు ఎన్ని వచ్చాయి, సరుకుల ధరలు ఎంత పెరిగాయి అన్న అంకెలు మనకు దీపాలు పెట్టే వేళకు బయటికొస్తాయి. ధరల జోరు తగ్గిందంటే అక్కడి కేంద్ర బ్యాంకు వడ్డీ తగ్గిస్తుందని అందరూ అనుకుంటారు. వడ్డీ తగ్గితే బ్యాంకులో డబ్బు దాచుకోవాలన్న మోజు తగ్గి, వడ్డీ ఇవ్వని బంగారం వైపు చూపు మళ్లుతుంది. రేటు లేస్తుంది. ధరల జోరు తగ్గలేదంటే ఇదంతా తలకిందులు. ఎక్కడి అమెరికా, ఎక్కడి రాజాం! అయినా అక్కడ తుమ్మితే మా త్రాసు కదులుతుంది.

ఆ సాయంత్రం ధరల లెక్క రావలసి ఉంది. అదే చెప్పాను.

"దానమ్మా, ఈవేళ అమెరికా లెక్కలొస్తాయి. రేటు లేవొచ్చు, దిగొచ్చు. ఎటన్నది నాకు తెలీదు. డబ్బు సరిపోయింది కదా, ఇప్పుడే కొనెయ్. లేదా అడ్వాన్స్ కట్టి రేటు బుక్ చేసుకో." రేటు బుకింగ్ అంటే ఈ రోజు ధరను కట్టేసుకోవడం. తర్వాత లేచినా అదే ధర. దిగితే మా కొట్టు పద్ధతిలో దిగిన ధరే తీసుకుంటాం.

దానమ్మ నన్ను చూసి జాలిగా నవ్వింది. "ఓలమ్మా, పొద్దున్నే ఎవులైనా కొంటారేటి? సాయంత్రానికి దిగదా? నాను సూడని బేరమేటి!" అంటూ మూట మళ్లీ కొంగున కట్టుకుంది.

ఆమె లెక్క ఆమెది. పొద్దున్న నిక్కిన పచ్చిచేప రేటు, నిలవుండదు గనుక సాయంత్రానికి మెత్తబడుతుంది. ఆఖరి బస్సు వేళకు అమ్మేవాళ్లే బతిమాలి ఇచ్చేస్తారు. నలభై ఏళ్లుగా ఆమె చూసిన బజారు అది. నేను చెప్పేది చెప్పాను, ఆమె వినలేదు. పైగా సంతకు వేళవుతోంది.

దీపాలు పెట్టాక ఖాళీ బుట్టతో వచ్చింది. అప్పటికే అమెరికాలో ధరల జోరు తగ్గిందని లెక్క వచ్చింది, సంఘం నుంచి కొత్త రేటూ వచ్చింది. బోర్డు మీద అంకె చెరిపి రాస్తున్నాను.

"ఎంత దిగినాది?"

"లేచింది దానమ్మా."

ఆమె నమ్మలేదు. నా ముఖం వంకా, బోర్డు వంకా చూసింది. "ఏటి సేత్తాను తల్లీ! సరే, మళ్లీ సంతకి దిగుతాది లే" అని బస్సుకు పరిగెత్తింది. ఆ వారమంతా బంగారం పైకే పోయింది. రోజూ బోర్డు మార్చేటప్పుడల్లా ఆమె కొంగు ముడి గుర్తొచ్చి నాకు అన్నం సయించలేదు.

తర్వాతి సంత రోజున ఆటోలో నలుగురు మగవాళ్లతో దిగింది. ముందు నడుస్తున్నది గురవయ్య, వాళ్ల ఊరి పెద్ద. దానమ్మ వెనకాల తల వంచుకుని ఉంది. కొట్లో అప్పుడు ఇద్దరు ముగ్గురు కొనుగోలుదారులున్నారు.

"ఏటమ్మా, ఒకే దినాన పొద్దున ఒక రేటు, సాయంత్రం ఇంకో రేటా? ఆడమనిషి ఒంటిగా ఒచ్చినాదని సూసి ఆడుకున్నారా?" గురవయ్య గొంతు వీధిలోకి వినిపించింది.

"రేటు మేం పెట్టం బాబూ. ఆ సాయంత్రం అమెరికా లెక్కలు వచ్చాయి."

"అయితే పొద్దున్నే మీకు తెలుసన్న మాట! తెలిసీ అమ్మోరి సొమ్ముతోటి..."

పక్కన గాజులు చూస్తున్నావిడ గాజులు మెల్లగా బల్ల మీద పెట్టేసింది. గుమ్మం దగ్గర జనం పోగవుతున్నారు. బంగారు కొట్టుకు నమ్మకమే పెట్టుబడి. మోసం చేశారన్న మాట ఒక్కసారి సంతలో పడితే మామగారి పేరు ఆ సాయంత్రానికల్లా మట్టిలో కలుస్తుంది. నాకు ఒళ్లు మండిపోయింది. కొనమని చెప్పాను, వినలేదు అని అరవబోయాను. నోరు తెరిచాను కూడా. అంతలో దానమ్మ ముఖం కనబడింది. నేను ఆ మాటంటే నా కొట్టు నిలబడుతుంది గానీ, ఊరి పెద్దల ముందు ఆమె పరువు పోతుంది. పైగా ఆమె కాదంటే నా మాటకు సాక్ష్యం లేదు. ఆ ఒక్క క్షణం నిజంగా భయమేసింది.

"ఆగు మావా" అంది దానమ్మ.

ముందుకొచ్చి, నా బల్లకు ఆనుకుని నిలబడింది. "ఈయమ్మనేటీ అనకండి. పొద్దున్నే కొనీమని సెప్పినాది. రేటు కట్టీసుకోమని సెప్పినాది. నానే వొగ్గీసినాను. సేపల బేరం లాగ సాయంత్రానికి దిగుతాదనుకున్నాను. తప్పు నాది. సాయంత్రం రేటు లేసినాదని మట్టుకే సెప్పి, నా తప్పు మీకాడ సెప్పడానికి సిగ్గేసి వారం దినాలు నోరు మూసుకున్నాను."

ఆమె ముక్కుపుడక తీసి త్రాసు పళ్లెంలో వేసింది. "తగ్గిన కాడికి ఇది కలపండి."

గురవయ్య ఆ పుడక వంక కాసేపు చూశాడు. ఊరి సొమ్ము ఇంకెప్పుడూ ఆడవాళ్ల చేతికివ్వనంటాడేమోనని నేను హడలిపోతున్నాను.

"ఒసే దానీ, బంగారం కుళ్తాదేటే?" అన్నాడు చివరికి.

ముందు గుమ్మం దగ్గర ఎవరో నవ్వారు. తర్వాత కొట్టంతా నవ్వింది. దానమ్మ ఏడుస్తూనే నవ్వింది. "అది తీసి ముక్కున ఎట్టుకో. బోట్లు ఒచ్చినాయని ఊరంతా మొక్కుకున్నాది, ఊరే తీర్సుకుంటాది" అని గురవయ్య నా వైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు. "పెద్ద మాటనేసినాను తల్లీ."

నా కోపం ఎటు పోయిందో నాకే తెలీదు. మజూరీ తీసుకోనన్నాను. వెనక గదిలోంచి మా ఆయన కూడా తలూపారు. పనివాళ్ల కూలి మేమే ఇచ్చుకుంటాం, మొక్కులో మా వంతు అనుకోండి అన్నాను. గురవయ్య ఒప్పుకున్నాడు. అయినా కాస్త తక్కువ పడితే వచ్చిన నలుగురూ జేబులు తడుముకుని వేశారు. హారం తయారవడానికి రోజులు పడుతుంది గనుక ఆ రోజు రేటు బుక్ చేశాం.

చూడండి చిత్రం! ఆ వారంలోనే అమెరికా కేంద్ర బ్యాంకు వాళ్లు వడ్డీ తగ్గించడానికి ఇంకా తొందర లేదన్నట్టు మాట్లాడారు. బంగారం దిగిపోయింది. మా పద్ధతి ప్రకారం దిగిన రేటే తీసుకున్నాం. మాకు కాస్త చేతి చమురు వదిలింది గానీ, మాటంటే మాటే. హారం తీసుకెళ్లడానికి గురవయ్య ఎవర్నీ తోడు పంపలేదు. మళ్లీ దానమ్మనే ఒంటరిగా పంపాడు. ఇంకా కొంత డబ్బు మిగిలిందని చెప్పి, ఏం చేయమంటావన్నాను.

"రెండు బంగారు పూసలు కలిపీ తల్లీ. బేగి కలిపీ, సాయంత్రం దాకా ఆగొద్దు!"

బోట్లు దిగిన రోజు నన్నూ మా ఆయన్నీ పిలిచారు. అమ్మవారి మెడలో హారం మెరుస్తుంటే దానమ్మ నా చెయ్యి పట్టుకుని ముందుకు లాక్కెళ్లి, "అమ్మా, ఈ గుంటే సేసినాది" అని అమ్మవారికి నన్ను చూపించింది. యాభై దగ్గరపడుతున్న నన్ను చిన్నపిల్లలా గుంట అన్నది ఈ లోకంలో ఆమె ఒక్కతే.

ఇప్పుడు అమెరికా లెక్కలు వచ్చే రోజున బోర్డు మీద రేటు కింద ఒక మాట రాస్తాను: "ఈ సాయంత్రం రేటు మారవచ్చు. ఎటో మాకూ తెలియదు." దానమ్మకు చదువు రాదు. అయినా అరుగు మీద కూచుని, వచ్చినవాళ్లందరికీ ఆ మాట తనే చెబుతుంది.

కొట్లో గోడ మీద లైసెన్సు ఉంది, హాల్‌మార్క్ పత్రం ఉంది, మామగారి ఫోటో ఉంది. ఆ రోజు అవేవీ మా కొట్టును కాపాడలేదు. ఒక్క అబద్ధంతో తన పరువు కాపాడుకోగలిగిన మనిషి, ఆ అబద్ధం ఆడకుండా మమ్మల్ని కాపాడింది. అందుకే పొద్దున్నే తలుపు తీసి దీపం పెట్టగానే, అరుగు మీద ఆమె కూచునే చోట ముందు నీళ్లు చల్లి తుడుస్తాను. అది పనివాళ్లకు చెప్పను, నేనే చేస్తాను.