రోమన్లు చెయ్యి చూపిన వైపు

కళ్ళజోళ్ళ బాబాయి నోటి నుంచి ఒక్కటంటే ఒక్క సొంత మాట వినాలని వీధి వీధంతా పాతికేళ్ళుగా కాచుకుని కూర్చుంది. ఆ భాగ్యం ఎవరికీ దక్కలేదు. ఆయన ఏం చెప్పినా అది గ్రీకులు చెప్పిందో రోమన్లు చెప్పిందో అయివుండాలి. దాహంగా ఉందని చెప్పడానికి కూడా, ఎప్పుడో రెండువేల ఏళ్ళ కిందట కాలం చేసిన పెద్దమనిషి ఒకడు లేచొచ్చి సాక్ష్యం పలకాలి.

కూర ఎలా ఉందని పిన్ని అడిగితే బాగుందనో బాగోలేదనో అనొచ్చుగా? అనడు. ఏదీ మోతాదు మించకూడదని గ్రీకులు గుడి గోడ మీదే చెక్కించుకున్నారని చెప్పి నీళ్ళ గ్లాసు అందుకుంటాడు. ఉప్పు ఎక్కువైందని పిన్ని అలా తెలుసుకోవాలి. గోడలు చెక్కుకునేంత తీరికున్న ఆ ఇళ్ళల్లో వంట ఎవరు చేసేవారో కూడా చెక్కారా అని ఆవిడ అడుగుతుంది. ఆయన ఇంకో గ్లాసు నీళ్ళు అందుకుంటాడు.

ఒకసారి ఎదురింటి బ్యాంకు మేనేజరు, అప్పటికే రిటైరైన ఆయన, రైలు టైమైపోతోందని ఊడిన కళ్ళజోడు పట్టుకుని బాబాయి కొట్టుకి పరిగెత్తుకొచ్చాడు. బిగించాల్సింది ఆవగింజంత మర ఒక్కటి. తొందరున్నప్పుడే నింపాదిగా ఉండమని రోమ్ రాజుగారొకాయన తన సేనాపతులకి పదేపదే చెప్పేవాడట. బాబాయి ఆ రాజుగారి మాట జవదాటకుండా పావుగంట బిగించాడు. రైలు మాత్రం రాజుగారిని లెక్కచేయలేదు.

ఇవన్నీ సర్దుకుపోవచ్చు. సర్దుకోలేనిది ఆ గోడ మీది చార్టు. లోకంలో ఏ కళ్ళజోళ్ళ కొట్టుకి వెళ్ళినా గోడ మీద అక్షరాలుంటాయి. బాబాయి కొట్లో రోమన్లుంటారు. భుజం మీదుగా దుప్పటి కప్పుకుని చెయ్యి చాపిన రోమన్లు. ఆయనే గీశాడు, ఎనిమిది వరసలు. పై వరసలో ఒక్కడే, గుమ్మడికాయంత. కింది వరసలో చీమలంత వాళ్ళు తొమ్మిదిమంది. ఒకడు పైకి, ఒకడు కిందికి, ఒకడు కుడికి, ఒకడు ఎడమకి చెయ్యి చూపిస్తుంటాడు. కుర్చీలో కూర్చున్నవాళ్ళు ఎవడు ఎటు చూపిస్తున్నాడో చెప్పాలి. ఎంఏ చదివిన తనకి ఈ బొమ్మల పరీక్షేంటని మేనేజరు రెండుసార్లు అలిగి, అలిగినట్టే కూర్చుని చెప్పాడు. పైగా ఒక్కో వరసకీ ఒక్కో సూక్తి. కళ్ళు చూపించుకోవడానికి వెళ్ళినవాళ్ళు చెవులు నొప్పెట్టి బయటికొచ్చేవారు.

అలాంటి కొట్టుకి ఒక రోజు పొద్దున్నే కాజాల అక్క వచ్చింది. ఒంటరిగా కాదు, వెనకాల సూపర్‌వైజర్ని తోకలా తగిలించుకుని.

కాజాల అక్కది వీధి చివరి బట్టల ఫ్యాక్టరీలో చేత్తో కాజాలు కుట్టే పని. మిషను కాజా పక్కన అక్క కాజా పెడితే మిషనే సిగ్గుపడాలి. ఒక్కటే లోటు. ఆవిడకి అక్షరం ముక్క రాదు. ఆ సంగతి ఎవరికీ తెలియకూడదని ఇరవై ఏళ్ళ కిందట ఒక తెలివైన ఏర్పాటు చేసుకుంది. ప్రతి బట్టల కట్టకీ ఒక చీటీ వస్తుంది, ఎన్ని కాజాలు, నిలువా అడ్డమా, ఏ రంగు దారం అని. చీటీ రాగానే పక్కన కూర్చున్నామెకి అందించి, "కళ్ళు మసకలమ్మా, కాస్త చదివిపెట్టు" అనేది. అంతే. ఇరవై ఏళ్ళు హాయిగా జరిగిపోయింది.

ఆ హాయి ఈమధ్యే వచ్చిన కొత్త సూపర్‌వైజరు చెవిన పడింది. మనిషి చెడ్డవాడేం కాదు, కాగితం చేతికిస్తే తప్ప సూర్యుడు పొడిచాడని కూడా నమ్మడు, అంతే. కళ్ళు కనపడని మనిషి సూది పట్టుకోవడమేంటని హడలిపోయాడు. కళ్ళు బాగున్నాయని కాగితమైనా తెమ్మన్నాడు, కాజాల బల్లయినా దిగమన్నాడు.

ఇక అక్క ఇరుక్కున్న తీరు చూడాలి. కళ్ళు బాగోలేవని తేలితే పని పోతుంది. బాగున్నాయని తేలితే, మరి చీటీ ఎందుకు చదవవమ్మా అంటారు, ఇరవై ఏళ్ళ గుట్టు పోతుంది. రెండింట్లో ఏది పోయినా ఫర్వాలేదనిపించే వయసు కాదు ఆవిడది. రాత్రంతా ఆలోచించి, ఏం జరిగినా చీటీల సంగతి మాత్రం నోరు జారకూడదన్న ఒకే ఒక్క ఉపాయంతో వచ్చి కుర్చీలో కూర్చుంది.

సూపర్‌వైజరు గోడ వైపు చూసి మొహం చిట్లించాడు. ఈ బొమ్మలాటలు కుదరవు, అక్షరాల చార్టు తగిలించండి అన్నాడు. అక్క చేతిలో చీర చెంగు తాడులా మెలిపడింది.

అక్షరాల చార్టు లేకేం, ఉందన్నాడు బాబాయి. బీరువా వెనకాల ఉంది. తీయాలంటే బీరువా జరపాలి. జరపడం అనగానే ఆయనకి, నిలబడ్డానికి కాస్త చోటూ ఒక పొడుగాటి కర్రా ఇస్తే భూగోళాన్నే జరుపుతానన్న గ్రీకు ఆయన గుర్తొచ్చాడు. అంతటివాడే చోటు లేనిదే జరపలేనన్నాడే, ఈ ఇరుకు కొట్లో నేనెక్కడ నిలబడను అంటూ మొదలుపెట్టి, ఆ గ్రీకు ఆయన స్నానాల తొట్టిలోకి దిగేవరకూ వచ్చాడు. తొట్టిలోంచి ఆయన బయటికి రాకముందే సూపర్‌వైజరు చేతులెత్తేశాడు. సరే, ఆ రోమన్లనే కానివ్వండి అన్నాడు.

అక్క చెప్పడం మొదలుపెట్టింది. కుడి. కింద. ఎడమ. పైకి. గుమ్మడికాయ రోమన్ దగ్గర్నుంచి చీమ రోమన్ల దాకా ఎక్కడా తడబడలేదు. చివరి వరసలో మూడో ఆయనకి బొటనవేలు లేదని కూడా చెప్పింది. బాబాయి భూతద్దం పట్టుకెళ్ళి చూశాడు. నిజమే, గీసినప్పుడు మర్చిపోయాడు. పాతికేళ్ళలో ఆ వేలు లేదని కనిపెట్టిన కన్ను ఇంకొకటి లేదు.

మెచ్చుకోవాల్సిన చోట సూపర్‌వైజరు అనుమానపడ్డాడు. "కళ్ళు ఇంత దివ్యంగా ఉంటే ఈవిడ చీటీలు ఎందుకు చదవదండీ?"

అక్క తల వంచేసింది.

బాబాయి చెయ్యి చాపాడు, అచ్చం గోడ మీది వాళ్ళలాగే. "ఏదీ, ఒక చీటీ ఇలా ఇవ్వండి."

సూపర్‌వైజరు జేబులోంచి తీసిచ్చాడు. బాబాయి దాన్ని అటు తిప్పి, ఇటు తిప్పి, లైటు కింద పెట్టి చూసి, ఇది ఎవరు రాశారన్నాడు. తనే రాశానన్నాడు సూపర్‌వైజరు, కాస్త గర్వంగానే.

"చదవండి మరి."

సూపర్‌వైజరు చీటీ మొహం దగ్గర పెట్టుకున్నాడు. లాభం లేక కొంచెం దూరం జరిపాడు. ఇంకొంచెం దూరం. చెయ్యి సాంతం చాచేశాక తల వెనక్కి వంచాడు. చెయ్యి ఇంకో జానెడు పొడుగ్గా పుట్టుంటే చదివేసేవాడే. పన్నెండు కాజాలన్న దగ్గర ఆగి, దారం రంగు దగ్గర గొంతు సవరించుకున్నాడు.

"మసక ఆవిడ కంట్లో లేదు, మీ కంట్లో ఉంది," అన్నాడు బాబాయి మెత్తగా. "నలభై దాటాక అందరికీ వచ్చేదే, కంగారేం లేదు. రాసినవాళ్ళే చదవలేని చీటీని ఆవిడ చదవలేదని పని తీసేస్తారా? రంగు పేరు రాసే బదులు ఆ రంగు దారం ముక్క గుచ్చండి. నిలువు కాజాకి నిలువు గీత, అడ్డానికి అడ్డగీత, ఎన్ని కావాలో అన్ని గీయండి. పొరపాట్లుండవు, బట్ట పాడవదు."

"ఇదెవరు చెప్పారు, గ్రీకులా రోమన్లా?" అన్నాడు సూపర్‌వైజరు వెటకారంగా.

"ఎవరూ కాదు. నేనే చెప్తున్నా."

లోపలి గదిలో ఏదో గిన్నె కింద పడింది. తెర పక్కకి తొలగి పిన్ని మొహం బయటికొచ్చింది, ఆయనకి ఒంట్లో బాగానే ఉందా అన్నట్టు.

అరగంటలో సూపర్‌వైజరు కళ్ళజోడుకి కొలతలిచ్చి, కాగితం పుచ్చుకుని, బుద్ధిగా వెళ్ళిపోయాడు. అక్క మాత్రం కుర్చీలోంచి లేవలేదు.

"మీకు ముందే తెలుసా బాబాయ్?"

"ఏం తెలుసు?" అంటూ బాబాయి శుభ్రంగా ఉన్న అద్దాన్నే మళ్ళీ తుడవడం మొదలుపెట్టాడు. తప్పించుకునేవాడే, పిన్ని టీ పట్టుకొచ్చి అడ్డుపడకపోతే.

కొట్టు పెట్టిన కొత్తలో ఇక్కడా అక్షరాలే ఉండేవట, పిన్నే చెప్పింది. ఒక ముసలాయన వచ్చి కూర్చున్నాడు. చదవండి అంటే, గొడుగు మర్చిపోయాను, తెచ్చుకుని వస్తానని లేచి వెళ్ళాడు. గొడుగు ఆయన చంకలోనే ఉందట. ఆ మనిషి మళ్ళీ రాలేదు. ఆ వారమే అక్షరాలు బీరువా వెనక్కి పోయి రోమన్లు గోడెక్కారు.

"బొమ్మలెందుకు పెట్టావని జనం అడుగుతారుగా," అంది పిన్ని. "చదువు రానివాళ్ళ కోసమని చెప్తే, ఇక చదువు రానివాళ్ళెవరు వచ్చి కూర్చుంటారు? అందుకని ఈయన గ్రీకులూ రోమన్లూ అంటూ పట్టుకున్నారు. పిచ్చి అనుకుంటారు, ఇంకేం అడగరు అన్నారు. అనుకున్నారు, అడగలేదు. ఆ పిచ్చితో కాపరం చేసింది మాత్రం నేను."

బాబాయి ఆ మాట విననట్టే అద్దం పక్కన పెట్టాడు. గ్రీకుల్లో అందరికంటే తెలివైనవాడని పేరుపడ్డ ఒకాయన ఉన్నాడని అక్కతో మొదలుపెట్టాడు. తనకేమీ తెలియదని చెప్పుకుంటూ తిరిగేవాడట. జన్మంతా మాట్లాడాడేగాని ఒక్క పుస్తకం రాయలేదట. మనకి దక్కినదంతా చుట్టూ ఉన్నవాళ్ళు రాసిపెట్టిందే.

"ఒక్క పుస్తకం కూడా రాయలేదా?"

"ఒక్కటి కూడా రాయలేదు. ఇది నేను అల్లింది కాదు, ఒట్టు."

"మిగతావి?"

"సగం నిజమే."

"సగం కాదు, పాతిక," అంది పిన్ని.

అక్క టీ ఆఖరి గుక్క దాకా తాగి గ్లాసు కింద పెట్టింది. "మరి ఆయన్ని ఎవరైనా, ఒక ముక్క రాసివ్వవయ్యా అని అడిగితే ఏం చెప్పి తప్పించుకునేవాడో?"

"ఏం చెప్తాడు," అంది పిన్ని ఖాళీ గ్లాసులు అందుకుంటూ. "మా ఆవిడకి నా చేతిరాత నచ్చదని చెప్పుంటాడు."

బాబాయి గబగబా బల్ల సొరుగు లాగి, కాగితం తీసి ఆ మాట రాసుకున్నాడు. వచ్చే వారం ఆ కుర్చీలో కూర్చోబోయేవాళ్ళు దాన్ని ఏ రోమన్ రాజుగారి ఖాతాలో వినాల్సివస్తుందో మరి.