కేరాఫ్ ఫీడ్ షాపు, కైకలూరు

ఆ రోజుల్లో, అంటే మరీ తాతల కాలం కాదు, చేతిలో స్మార్ట్‌ఫోను ఉండి సిగ్నల్ మాత్రం చేపల చెరువు గట్టెక్కితేనే వచ్చే రోజుల్లో, లోకంలో ఉన్నవన్నీ మనకీ ఉన్నాయనీ, వెళ్లి అడగడమే ఆలస్యమనీ గట్టిగా నమ్మేదాన్ని. అలా నమ్మడానికి మా ఊరు ఒక్క కారణమూ చూపించలేదు. మాది కైకలూరు దాటాక కొల్లేరు అంచున ఉన్న లంక గ్రామం. ఊరి పేరు చెప్పగానే కొరియరు వాళ్లు ఎంతో మర్యాదగా "మీ ఏరియాకి సర్వీసు లేదండీ" అనేవారు. అందుకని మా ఇంట్లో ఎవరికి ఏం రావాలన్నా కైకలూరులో చేపల మేత అమ్మే మా మావయ్య ఫీడ్ షాపుకే వచ్చేది. అమ్మమ్మ కళ్లజోడు, అమ్మ కుక్కరు, నాకొచ్చిన ఉద్యోగం లేదన్న ఉత్తరాలు, అన్నీ మేత బస్తాల మధ్య నాలుగు రోజులు కాపురం చేసి ఆ వాసనతోనే ఇల్లు చేరేవి. (అమ్మమ్మ కళ్లజోడు పెట్టుకుని బైబిలు తెరిస్తే మా పిల్లి వచ్చి ఒళ్లో కూర్చునేది.) మీరుండేదెక్కడని ఎవరడిగినా "కేరాఫ్ ఫీడ్ షాపు, కైకలూరు" అనేసేవాళ్లం. అది అబద్ధమని మాలో ఎవరికీ తోచలేదు.

ఏలూరులో డిగ్రీ అయిపోయి ఇంటికొచ్చి కూర్చున్నాను. నాకు బొమ్మల పిచ్చి. గట్టు మీద కూర్చుని గూడబాతుల్నీ కొంగల్నీ గీసి ఇంటర్‌నెట్‌లో పెడుతూ ఉండేదాన్ని. వాటిని చూసి విదేశంలో పిల్లల ఆటలు తయారుచేసే ఒకాయన, తన ఆటలోకి కొన్ని పక్షుల బొమ్మలు వేసిపెట్టమన్నాడు. ఆయన్ని మేమెవరమూ చూడలేదు. మా అమ్మ ఆయనకి 'బాతులాయన' అని పేరు పెట్టింది. మా నాన్న చెరువులు కౌలుకి తీసుకుని చేపలు పెంచే మనిషి, చేపకి తప్ప దేనికీ ఆశ్చర్యపోడు. ఆయన ఒకే మాట చెప్పాడు: "అమ్మాయ్, బొమ్మలేస్తే డబ్బులొస్తాయంటున్నావు. సరే. ఇవి చేతికొస్తే ఇంకో ఏడాది వేసుకో. రాకపోతే వచ్చే నెల నుంచి మావయ్య షాపులో బిల్లింగులో కూర్చో." మావయ్యంటే నాకు ప్రాణమే. కానీ జీవితాంతం అమ్మమ్మ కళ్లజోడులా మేత వాసన వేస్తూ బతకడం నా వల్ల కాదనిపించింది.

బొమ్మలన్నీ పంపాక బాతులాయన రాశాడు: డబ్బు క్రిప్టోలో, అంటే ఇంటర్‌నెట్ నాణేల్లో పంపుతాను, ఫలానా ఎక్స్ఛేంజిలో ఖాతా తెరవండి, రెండు నిమిషాల పని అని. క్రిప్టో అంటే ఏమిటో నాకు సగమే తెలుసు. మిగతా సగం తెలిసినట్టు తలూపే అలవాటు ఉంది. ముందసలు ఆ ఎక్స్ఛేంజి మన దేశం వాళ్లకి పనిచేస్తుందో లేదో చూడాలి కదా అని గట్టెక్కి, ఫోను చెయ్యెత్తి పట్టుకుని, వాళ్ల సైటు తెరిచాను. 'మేము సేవలందించే దేశాలు' అని ఒక జాబితా. అ నుంచి క్ష దాకా వెతికాను, ఇండియా లేదు. కింద 'మేము సేవలందించని దేశాలు' అని ఇంకో జాబితా. అందులోనూ ఇండియా లేదు. అంటే మనం ఉన్నామనీ లేదు, లేమనీ లేదు. ఇంత పెద్ద దేశం రెండింటి మధ్యలో ఎక్కడ జారిపడిపోయిందా అని రెండు జాబితాలూ మళ్లీ మొదట్నుంచి చదివాను. నేనెన్నడూ పేరు వినని దీవులున్నాయి. వాటిలో ఎవరుంటారో, వాళ్లకి కొరియరు వస్తుందో రాదో అని కాసేపు అదీ ఆలోచించాను. సహాయం అని ఉన్నచోట నొక్కి, మా సంగతేమిటండీ అని అడిగాను. క్షణంలో జవాబొచ్చింది. 'దయచేసి పై జాబితాలు చూడండి' అట. అది మనిషి కాదు, యంత్రం. దానికి మా కొరియరు వాళ్ల పోలికలు కనిపించాయి.

తాడేపల్లిగూడెంలో సెల్‌ఫోన్ల కొట్టు పెట్టిన మా పెదనాన్న కొడుకు, 'గూడెం అన్నయ్య', ఇలాంటివాటిలో మా ఇంటి పెద్ద దిక్కు. ఫోన్ చేస్తే, "యాప్ దిగుతుందేమో చూడవే. దిగితే మనకి ఉన్నట్టే" అన్నాడు. దిగింది. "ఖాతా తెరిచేచోట దేశం అడుగుద్ది. అందులో ఇండియా ఉందా?" ఉంది, జెండాతో సహా. "ఇంకేంటి మరి" అన్నాడు. నేను గట్టు దిగి ఇంటికి పరిగెత్తి, మనం ఉన్నామని అమ్మకి చెప్పాను. నాన్న వలకి ముడేస్తూ, తలెత్తకుండానే "డబ్బులొచ్చాయా" అన్నాడు. లేదన్నాను. మళ్లీ ముడి వేసుకున్నాడు.

ఆధార్ ఫొటో పెట్టి, ముఖం కుడికీ ఎడమకీ తిప్పి, చెప్పినవన్నీ చేశాక, 'మీరు నివసించే దేశంలో ప్రస్తుతం ఈ సేవ అందుబాటులో లేదు' అని వచ్చింది. (ముఖమంతా తిప్పించాకా చెప్పేది?) అన్నయ్యకి మళ్లీ చేస్తే, ఆ జెండాల వరసలో ప్రపంచంలో ఉన్న దేశాలన్నీ ఉంటాయనీ, అది పిలుపు కాదనీ అప్పుడు గుర్తుకొచ్చింది ఆయనకి. ఇక్కడ మా అమ్మ రంగంలోకి దిగింది. ఆదివారం చర్చిలో ప్రార్థన మనవులు చదివేటప్పుడు పాస్టరు గారు, జ్వరాలకీ పరీక్షలకీ మధ్య, "మన సంఘపు బిడ్డ ఫోనులో ఒక కంపెనీ వారు మన దేశస్తులను చేర్చుకొను నిమిత్తము" అని చదివారు. సంఘమంతా భక్తిగా ఆమెన్ అంది. ఆరాధన అయ్యాక ఒక్కొక్కరూ నా దగ్గరికొచ్చి "ఏవమ్మా, చేర్చుకున్నారా?" పాస్టరు గారికైతే నిజంగానే కుతూహలం. "రెండు జాబితాల్లోనూ లేమంటే, మూడోది ఉంటుందేమోనమ్మా, చూశావా?" అనడిగారు. చూడలేదండీ అని ఆ సాయంత్రం మూడోదీ వెతికాను. లేదు.

నెలాఖరు దగ్గరపడింది. మావయ్య నా కోసం కొత్త కుర్చీ కూడా కొనేశాడు. అయినా మంచివాడు కాబట్టి, నా ముఖం చూసి జాలిపడ్డాడు. "దీనికింత బెంగెందుకే. కొరియరోడు ఊరికి రానంటే మనమేం చేశాం? కొట్టు అడ్రసిచ్చాం. వాడొచ్చాడు. దేశమైనా అంతేగా. దుబాయ్‌లో మీ పిన్ని లేదూ? కేరాఫ్ పిన్ని అని పెట్టు." నేను జాబితా తెరిచి చూశాను. పిన్ని ఉండే దేశం అందులో ఉంది. అది చూసి మా ఇంట్లో అందరికీ ఊపిరొచ్చింది. ఇంత సులువైన సంగతి ఇన్నాళ్లూ తోచనందుకు అమ్మ నన్ను నాలుగు తిట్టింది.

పిన్ని అంటే అమ్మ చెల్లెలు, అక్కడొక ఇంట్లో వంటపని చేసేది. శుక్రవారం సెలవు. గట్టు మీద నేనూ అమ్మా మావయ్యా ఒకే ఫోనులో తలలు దూర్చి వీడియో కాల్ చేశాం. సంగతంతా చెప్పాను. "దానికేం, ఇచ్చెయ్యమ్మా, మా మేడమ్ ఇంటి అడ్రసు పెద్దదిలే, రాసుకో" అని సంబరంగా అంది. అడ్రసొక్కటే చాలదు పిన్నీ, అక్కడి వాళ్లు నీకిచ్చిన గుర్తింపు కార్డు కావాలి, ముఖం కూడా నీదే పెట్టాలి, నేను ఈ దేశంలోనే నివాసం ఉంటున్నానని ఒప్పుకుంటూ ఒకచోట నొక్కాలి అన్నాను. పిన్ని మెడలోని సంచీ తీసి, కార్డు చేత్తో పట్టుకుని, కాసేపు దాన్నే చూసింది.

"నేనిక్కడ పనికొచ్చానమ్మా. ఉండేది మన ఊళ్లోనే కదా" అంది.

"అది మాటవరసకేలే చెల్లెమ్మా" అన్నాడు మావయ్య.

"అది కాదన్నయ్యా. ఎక్కడుంటావని ఎవరడిగినా నేను మన లంక పేరే చెబుతాను. ఇక్కడెవరికీ నోరు తిరగదు. అయినా చెబుతాను." కార్డుని బొటనవేలితో తుడుస్తూ, "ఈ కార్డు అటూ ఇటూ అయితే నన్ను ఉంచరు. నీకు అంత అవసరమైతే ఇస్తానమ్మా, తీసుకో" అని కార్డు కెమెరా దగ్గరకి పెట్టింది. దాని మీద పిన్ని ఫొటో, బెదిరిపోయినట్టు, చాలా చిన్నపిల్లలా ఉంది. "వద్దులే పిన్నీ, లోపల పెట్టుకో" అన్నాను. మావయ్య చెరువు వైపు తిరిగి గట్టిగా దగ్గాడు. అక్కడ ఉంటున్న మనిషేమో నేనిక్కడి దాన్ని కాదంటోంది, ఊరు దాటని నేనేమో అక్కడి దాన్నని రాయబోయాను.

ఇక దాచేదేముందని బాతులాయనకి ఉన్నదున్నట్టు రాశాను. అయ్యా, మీ ఎక్స్ఛేంజి మేమున్నామనీ చెప్పదు, లేమనీ చెప్పదు, ముఖం తిప్పించి మరీ లేమంది, మాది కొల్లేరులో ఒక లంక, మీ డబ్బు ఇక్కడికి రాదు కాబోలు, బొమ్మలు మాత్రం ఉంచుకోండి అని. మర్నాడు జవాబు. "అయ్యో, మీకదే సులువనుకున్నాను. బ్యాంకుకి పంపనా?" నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. సంఘమంతా ప్రార్థన చేసిందే తప్ప, ఇంకో దారుందేమో ఆయన్ని అడగమని ఒక్కరూ అనలేదు.

కైకలూరు బ్యాంకులో, బయటి దేశపు డబ్బు కాబట్టి ఒక కాగితం నింపమన్నారు. నా చెయ్యి దానంతటదే 'కేరాఫ్' అని మొదలుపెట్టింది. బ్యాంకాయన అద్దాల పైనుంచి చూసి, "ఇది కొట్టు కదండీ. మీరుండే ఊరు రాయండి" అన్నారు. కొట్టేసి, పక్కన మా లంక పేరు రాశాను. ఎన్నాళ్లకి రాశానో, ఒత్తు దగ్గర తడబడ్డాను. డబ్బొచ్చిన మెసేజి చూపిస్తే నాన్న ఫోను అటూ ఇటూ తిప్పి చూసి ఇచ్చేశాడు. కాసేపటికి గట్టెక్కి మావయ్యకి ఫోను చేశాడు. "బావా, ఆ కుర్చీలోకి ఇంకెవర్నన్నా చూసుకో."

ఇప్పుడు ఏలూరులో ఉంటున్నాను. బొమ్మలే బతుకుతెరువు. పాల ప్యాకెట్టు కూడా గుమ్మంలోకే వస్తుంది. పిన్ని దుబాయ్‌లో కార్డు తిరిగిచ్చేసి వచ్చేసింది, ఊళ్లోనే ఉంటుంది, మందులకని ఏలూరొచ్చినప్పుడు మా ఇంట్లో దిగుతుంది. మొన్న ఏదో బొమ్మల సైటులో చేరబోతూ, అలవాటుగా ముందు ఉన్న దేశాల జాబితా, తర్వాత లేని దేశాల జాబితా వేలుపెట్టి వెతుకుతున్నాను. పక్కన మాత్రలు వేసుకుంటున్న పిన్ని నా ఫోనులోకి తొంగి చూసింది.

"మనం ఉన్నామా అమ్మా?"

"ఉన్నాం పిన్నీ."

గట్టు మీద చెయ్యెత్తి ఫోను పట్టుకుని నిలబడ్డ ఆనాటి ఆ పిల్లకి కూడా వినిపించేలా, కాస్త గట్టిగానే చెప్పాను.