పలకరాయి పరిచిన వాకిలి

ఆ ఏడు ముసురు వారం దాటినా విడవలేదు. మార్కాపురంలో మా వాకిలి మోకాలిలోతు రొచ్చయింది. మా రెండు కుక్కలు ఆ బురద కాళ్లతోనే వసారాలోకి, అక్కడి నుంచి గింజల గదిలోకి వచ్చేవి. వచ్చిన ప్రతిసారీ నాయన చేతికందిన కట్టెతో బాదేవాడు. అవి మూలుగుతూ పోయి, మళ్లీ వచ్చేవి. దెబ్బలతో బురద తగ్గదని తెలుసుకోవడానికి నేను మద్రాసులో చదివిన శాస్త్రం అక్కరలేదు. అయినా ఉపాయం చెప్పింది నేనే.

పలకల గనుల దగ్గర విరిగిన రాతిపెళ్లలు గుట్టలుగా పడి ఉండేవి. మా వైపు వాటిని వాకిళ్లలో పరచి, వాటి మీద ఎడ్లబండిని పదేపదే తిప్పి నుగ్గు చేయించేవారు. బండి తిప్పడం వట్టి అలవాటని, పెళ్లలు వదులుగా ఉంటేనే నీరు దిగుతుందని నేను వాదించాను. గాజుసీసాలో మట్టి, పెళ్లలు పోసి చూపించాను. నీరు దిగింది. నాయన బండి తిప్పకుండానే వాకిలి నిండా పెళ్లలు పరిపించాడు. పెళ్లల అంచులను మాత్రం నేను పరీక్షించలేదు.

ఆ రాత్రే వాన తెరిపిచ్చింది. తెల్లవారేసరికి వసారా నిండా నెత్తుటి అడుగులు. నేను వాటిని చూస్తుండగానే పక్కింటి గొర్రెలకాపరి గుదియతో వచ్చాడు.

"అన్నా, ఇప్పుడే నా గొర్రెపిల్లను పీకి సంపినాయి నీ కుక్కలు! ఈ నెత్తురేంది మరి, కాళ్లకు పారాణి పెట్టుకున్నాయా?"

నాయన నోరు తెరిచేలోగా గుదియ పెద్దకుక్క నడుము మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు విన్నాను. రెండో దెబ్బ తల మీద. చిన్నది నులకమంచం కిందికి దూరింది. కాపరి మంచాన్ని ఒక్క తన్ను తన్నాడు.

"ఆగు చిన్నాయనా! కాళ్లు తెగినాయి వాటికి. నెత్తురు నీ దొడ్డి నుంచి రాలేదు. వచ్చి దారిలో అడుగులు చూడు!"

"నీ సదువు నా గొర్రెపిల్లను లేపుతాదా?"

ఆయన ముంజేయి పట్టి లాగాను. మోచేత్తో పొడిస్తే నా పెదవి చిట్లింది. అయినా దడి దాటించాను. అక్కడి నుంచి ఆయన దొడ్డిదాకా, ఆయన నడిచి వచ్చిన అడుగులు తప్ప, బురద మెత్తగా, నున్నగా ఉంది. ఒక్క కుక్క అడుగు లేదు, ఒక్క నెత్తుటి చుక్క లేదు. దొడ్డి అవతలి వైపు కనిపించిన అడుగులు నక్కవో, మరో కుక్కవో తేల్చలేకపోయాను. ఆయన గుదియ పారేసి వెళ్లిపోయాడు.

నాయన నా చెంప పగలగొట్టాడు. "బండి తిప్పకుంటే ఏమైతాది అన్నావు కదరా! పెద్దదాన్ని సంపింది వాడు కాదు, నువ్వు."

ఆ మాటను ఎన్నిసార్లు పరిశీలించినా పూర్తిగా కొట్టివేయలేకపోయాను.

మంచం కిందికి పాకి చిన్నదాని ముందుకాలు పట్టుకున్నాను. అరికాలి మెత్తలో పలకముక్క నిలువునా దిగి ఉంది. లాగబోతే నా మణికట్టును కరిచింది. పళ్లు లోపలికి దిగుతున్నా చేయి తీయలేదు. ముక్క ఊడివచ్చాకే అది నన్ను వదిలింది.