బాణలి కడిగిన నీళ్లు

మొన్న ప్రొద్దుటూరులో మా వీధి చివర బజ్జీల బండి దగ్గర ఒక వ్యాను ఆగి, మాడిన నూనెను డబ్బాలకెత్తుకుంటుంటే, ఎందుకని అడిగాను. డీజిలు చేయడానికట. ఈ పని మేమెప్పుడో మొదలుపెట్టామని చెప్పుకోవడానికి నా వయసువాళ్లు ఒక్కరైనా పక్కన లేకపోయారే అని మనసు చివుక్కుమంది.

అప్పట్లో మా పక్కింట్లో ఇంజన్లు బాగుచేసే సాయిబును నేను మామా అనేవాణ్ణి, ఆయన నన్ను అల్లుడా అనేవాడు. కువైట్ వీసా వచ్చినా ఆయనకు పోవడం ఇష్టం లేదు. నూనెతో డీజిలు చేసే పని కుదిరితే ఊళ్లోనే ఉండిపోతానని అత్తకు ఒట్టేసి మరీ చెప్పాడు. మొదట కొత్త వేరుశెనగ నూనెతో చేశాం. పులివెందుల దగ్గర ఒక రైతు చీనీ, అంటే బత్తాయి, తోటలో ఇంజను దాంతో ఆడి నీళ్లు దూకితే, మామ గట్టు మీద చిన్నపిల్లాడిలా గంతులేశాడు. అయితే కొత్త నూనె డీజిలు కంటే ప్రియం, ఎవరు కొంటారు? వాడిన నూనెతో చేసిస్తే ఎప్పటికీ మీ దగ్గరే తీసుకుంటానన్నాడు రైతు.

మా ఊరి హోటళ్లవాళ్లు ఆ నూనెనే మళ్లీ మళ్లీ కాచుకునేవాళ్లు తప్ప మాకిచ్చేవాళ్లు కాదు. చివరికి జమ్మలమడుగులో బజ్జీలు వేసే ఒక అవ్వ, తన బండిదే గాక చుట్టుపక్కల బండ్లది కూడా పోగుచేసి పెట్టింది. ఆ మహాతల్లి మంచితనమే మా కొంప ముంచింది. చుక్క కూడా పోగూడదని ప్రతి బాణలినీ వేడినీళ్లతో కడిగి, ఆ నీళ్లూ మా డబ్బాల్లోనే పోసిందని మాకు ఆ తర్వాత గానీ తెలియలేదు. తడి పోవాలని కాచాం గానీ అంత తడి ఉందని ఊహించలేదు. కాస్టిక్ సోడా, స్పిరిట్ కలిపి పోసి, మరునాడు మూత తీస్తే, ఆ తడికి డీజిలు కాకుండా డ్రమ్ము నిండా సబ్బు, గరిటె దిగదు!

వీసా గడువు దగ్గరపడింది, మళ్లీ నూనె పోగుచేసే వ్యవధి లేదు.

"అవ్వను ఏమీ అనొద్దు అల్లుడా, ఆయమ్మ మన మంచికే చేసింది," అన్నాడు మామ.

ఆయన పెట్టెలో పెట్టాల్సిన బట్టలను అత్త ఆ సబ్బుతోనే ఉతికింది. ఎర్రగుంట్లలో రైలెక్కించి వచ్చిన రోజున, ఆ ఇంటి వైపు చూడలేక మా తలుపు వేసుకున్నాను.

ఎప్పుడు ఫోను చేసినా, వచ్చినాక మల్లా చేద్దాం అనేవాడు. ఆ మాట పట్టుకుని ఏళ్లు గడిపాను. రాలేదు, అక్కడే పోయాడు, అక్కడే మట్టి చేశారు. ఆ రోజుల్లో కువైట్ లైను దొరకడమే గగనం, గొంతు సగం వినబడేది కాదు, అయినా ఫోను మోగితే తింటున్న అన్నం వదిలి పరుగెత్తేవాణ్ణి. ఇప్పుడందరూ మొహాలు చూసుకుంటూ మాట్లాడుకుంటున్నారు. నా ఫోను జేబులోనే ఉంటుంది, మోగదు.