మసకబారని తార

1984. మా పరిశోధన సంస్థలో ఏసీ ఉన్నది కంప్యూటర్ కోసం, చలికి వణికేది మేము. విదేశీ ఉపగ్రహం నుంచి వచ్చిన టేపులు చదివి తారల నుంచి వచ్చే ఎక్స్-రేల గ్రాఫులు గీయడం నా ఉద్యోగం. సాయంత్రానికి కళ్లు మండిపోయేవి.

ఆ ఉపగ్రహంలో రెండు డిటెక్టర్లు ఉండేవి. గ్యాస్ నింపిన పెట్టెలనుకోండి. ఎక్స్-రే లోపలికొస్తే చిన్న కరెంటు పుడుతుంది, దాన్ని లెక్కపెడతాం. కాలం గడిచేకొద్దీ గ్యాస్ పాడై, అదే వెలుగుకు తక్కువ లెక్క చూపిస్తాయి. దీన్నే కాలిబ్రేషన్ డ్రిఫ్ట్ అంటారు.

పద్మ మా వలస తెలుగువాళ్ల పేట కామాటిపుర పిల్లే, ఒక్కో గదిలో ఒక్కో కుటుంబం ఉండే మా చాల్‌లో పై అంతస్తు. మా సంస్థలోనే పీహెచ్‌డీ చేసేది. ఒక తార నెలనెలా మసకబారుతోందని కనిపెట్టింది. థీసిస్ అంతా దాని మీదే, స్కాలర్‌షిప్ ఆ ఏడాదితో సరి. మేస్త్రీ పని చేసే వాళ్ల నాన్న అప్పుడే గల్లీ అంతా మిఠాయి పేడాలు పంచేశాడు.

ఇది డ్రిఫ్టేమో చూడమన్నాను. రెండు డిటెక్టర్లూ ఒకే మాట చెబుతున్నాయి కదా అంది. నాకు వాదించే ఓపిక లేదు.

మిల్లుల సమ్మె తర్వాత మా వైపు భోంగా, అదే మిల్లు సైరన్, మూగబోయింది. అంతవరకూ గడియారాలు దానితోనే సరిచేసుకునేవాళ్లం. తర్వాత అందరం కింది అంతస్తు మల్లయ్య గడియారం చూసి పెట్టుకోవడం మొదలుపెట్టాం. ఆ వేసవిలో పాలమూరు పెళ్లికి బయలుదేరినప్పుడు చాల్‌లో గడియారాలన్నీ ఒకే టైము చూపించాయి. స్టేషన్‌కు చేరేసరికి బండి వెళ్లిపోయింది. అందరూ పెట్టెల మీద కూర్చుని మల్లయ్యను తిట్టారు. పద్మ మాత్రం స్టేషన్ గడియారం చూసి, ఒకేలా వెనకబడ్డ మా చేతి గడియారాలు ఒక్కొక్కటే చూసింది.

ఆ వారమే నా టేబుల్ దగ్గరికొచ్చింది.

"అన్నా, రెండిట్ల గ్యాస్ ఒక్కతీరుగనే నింపిన్రు గదా. రెండూ కలిసే తప్పితే? క్రాబ్ టేపులు తెప్పిద్దాం."

క్రాబ్ నెబ్యులా అనే వాయుమేఘం వెలుగు మారదని ఆ రోజుల్లో అందరూ దాన్నే కొలతగా పెట్టుకునేవారు. టేపులు వచ్చాయి. మా లెక్కలో క్రాబ్ కూడా సరిగ్గా అంతే తగ్గింది. పద్మ ఆ గ్రాఫు కాగితం మీద తగ్గుదలను స్కేలుతో మళ్లీ కొలిచింది.

"తార ఎట్లుండెనో అట్లనే ఉన్నదన్నా. మన డిటెక్టర్లే ముసలివైనయ్."

"మరి మీ బాపుకు ఏం చెప్తవ్?"

"ఏం చెప్పాలె? పేడాలు వాపస్ తీసుకోలేం గదా."

సైన్సు పత్రికకు అప్పటికే పంపిన వ్యాసాన్ని తనే వెనక్కి తెప్పించుకుంది. స్కాలర్‌షిప్ ఆగిపోయింది. గ్రాంట్ రోడ్‌లో ట్యూషన్లు చెప్పుకుంటూ, వేరే తార మీద మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టింది. నాకు చాలా బాధేసింది.

ఒకే తీరుగా తప్పే రెండు యంత్రాలు ఒకదానికొకటి సాక్ష్యం కావని ఆ కేసు నేర్పింది. కొత్తగా చేరినవాళ్లకు ఈ మాట ఎన్నోసార్లు చెప్పాను, వాళ్లు రాసుకున్నారు. క్రాబ్ గ్రాఫు కాగితం మడిచి సంచిలో పెట్టుకుని, పద్మ ఆ సాయంత్రం బస్సులో ఇంటిదాకా నా పక్కన ఎలా కూర్చుందో మాత్రం ఎవరికీ చెప్పలేకపోయాను.